బుచ్చమ్మ నడక

నల్లగండ్లలో అపార్ట్‌మెంట్ల గేటు పక్కన బుచ్చమ్మ జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు కార్లు ఆపి మరీ కట్టించుకుపోయేవారు. అరవై దాటినా చలాకీ మనిషి. అలాంటిది, ఆ ఏడాది వానలు మొదలయ్యేసరికి పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఈడ్చుకుంటూ నడవసాగింది. పెనం మీద రొట్టె వేసిన సంగతే మరిచిపోయేది.

వయసు మీద పడిందన్నారు చుట్టాలు. దగ్గర్లోని డాక్టరు అది మతిమరుపు జబ్బని, తగ్గేది కాదని చెప్పాడు. బుచ్చమ్మ పొయ్యి ముట్టించడం మానేసింది. గడప దాటడమే మానేసింది. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. బాత్రూముకు చేరేలోపే చీర తడిసిపోయేది. దాన్ని మంచం కింద దాచేది. కాసేపటికి చూస్తే అది ఉతికి దండెం మీద ఆరేసి ఉండేది. కోడలు రజిత ఏనాడూ అడగలేదు, బుచ్చమ్మా చెప్పలేదు.

చివరికి రజితే ఆమెను పెద్ద దవాఖానకు తీసుకెళ్లింది. నరాల డాక్టరు కృష్ణప్రియ నడిపించి చూసి, మూత్రం సంగతి అడిగింది. బుచ్చమ్మ తల వంచుకుంది.

"చీర తడుస్తది మేడం. అత్తమ్మ సిగ్గువడి చెప్తలేదు," అంది రజిత.

నడక, మతిమరుపు, వాటికి తోడు ఇది. డాక్టరుకు కావలసిన ముక్క అదే. స్కాన్ తీయించింది. మెదడు చుట్టూ నీరు పారుతుంటుందని, అక్కడ పేరుకునే మలినాలను కడిగి తీసుకుపోవడం దాని పనుల్లో ఒకటని, బుచ్చమ్మకు ఆ నీరు సరిగా బయటికి పోక లోపలే నిలిచి మెదడును నొక్కుతోందని వివరించింది. ముందు వెన్నులోంచి కొంత తీసి చూద్దామంది.

మర్నాడు ఆ నీరు కొంత తీశాక వరండాలో నడవమన్నారు. బుచ్చమ్మ గోడ పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పాదం లేచింది. అవతలి కొసదాకా వెళ్లి తిరిగొచ్చింది.

"నిన్న నేను చెప్పినందుకు కోపమొచ్చిందా అత్తమ్మా?" అని అడిగింది రజిత.

"మస్తు వచ్చింది. ఇప్పుడు లేదు బిడ్డా."

తర్వాత ఆపరేషన్ చేసి, ఆ నీరు కడుపులోకి దిగేలా చర్మం కింద సన్నని గొట్టం అమర్చారు. చలికాలానికి పొయ్యి మళ్లీ వెలిగింది. చీర తడవడం ఆగింది. మతిమరుపు మాత్రం పూర్తిగా పోలేదు. పోదేమోనని డాక్టరు ముందే చెప్పింది.

పోయిన నెల అత్తాకోడళ్లు కొత్త పెనం చేయించుకోవడానికి బాలానగర్ వెళ్లారు. బస్సు దిగాక పెనాలు చేసే షెడ్డుదాకా బుచ్చమ్మే ముందు నడిచింది. వెనకనుంచి రజిత దారి చెప్పింది.