ఎర్రిస్వామి తవ్వించని బావి

గుంతకల్లు చుట్టుపక్కల రైల్వేలో పట్టాల పని చేసి, రిటైరై దిగిపోయిన ప్రతి మనిషికీ ఒకటే పిచ్చి. ప్రావిడెంట్ ఫండు చేతికి రాగానే సొంతూరికి పోయి చేన్లో బావి తవ్వించాలి. నీళ్లు చూసేవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడిన చోట గడ్డపార దిగుతుంది. ముప్పై ఏళ్ల చాకిరీ అంతా ఆ గుంతలో పడుతుంది. తీరా అడుగున తగిలేది నల్లరాయి. బెళుగుప్ప దగ్గర ఎర్రిస్వామి సొంతూళ్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయంటే, జనం వాటికి ఫండు బావులని పేరే పెట్టేశారు. మేకలు పడి చావకుండా చుట్టూ కంప వేసుకోవడం ఒకటే వాటితో మిగిలిన పని.

ఇదంతా కళ్లారా చూసినా ఎర్రిస్వామికీ ఆ పిచ్చి ఉండేది. ఆయన కీమ్యాన్. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడుస్తూ, వదులైన బిగింపులను కొట్టి బిగిస్తూ పోవడం ఆయన పని. కాళ్లు పట్టాల మీద, మనసు మాత్రం నాయన వదిలిపోయిన ఎర్రనేల మీద. ఏ మూల బావి వేయాలో, ఎక్కడ మడి కట్టాలో దారిపొడవునా ఆలోచించుకుని, సాయంత్రం క్వార్టర్‌కు రాగానే భార్య తిమ్మమ్మకు చెప్పేవాడు. ఆమె ఇంకో రెండు మడులు కలిపేది. పిల్లలు లేని ఆ ఇంట్లో లేని బావి గురించి మాట్లాడుకోవడమే పెద్ద సంబరం.

పంతొమ్మిది వందల డెబ్బయిల్లో, ఆయన దిగిపోయే ఏడాది, ప్రభుత్వం ఒక అవకాశమిచ్చింది. ఫండు మొత్తం ఒకేసారి పట్టుకుపోతారా, సర్కారు వేసిన భాగం వదులుకుని నెలనెలా పింఛను తీసుకుంటారా, తేల్చుకోమంది. యూనియన్ మనిషి వచ్చి పింఛను మంచిదని చెబితే పట్టాల పనివాళ్ల గ్యాంగు గుడిసెలో పెద్ద రచ్చ అయింది.

"సచ్చేదాకా ఇస్తారంట! రెండేండ్లకే సస్తే? మిగిలిందంతా సర్కారు నోట్లోకే గదప్పా!" అన్నాడు ఓబుళేసు. ఎర్రిస్వామికి ప్రాణస్నేహితుడు ఆయన. అందరూ ఔనన్నారు. ఓబుళేసు తప్ప మిగతావాళ్లు ఒకరి ఆయుష్షు ఒకరు లెక్కగట్టుకుని పడీపడీ నవ్వారు.

"మగోడు పోయినాక ఆడమనిషికీ కొంత వస్తాదన్నా," అన్నాడు యూనియన్ మనిషి. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు, ఒక్క ఎర్రిస్వామి చెవికి తప్ప.

ఎందుకంటే అంతకు వారం ముందే ఆయన ఆయాసంతో ఆసుపత్రికి పోయి వచ్చాడు. గుండె బాగా దెబ్బతింది, రెండు మూడేళ్లు గడిస్తే గొప్పేనని డాక్టరు చెప్పాడు. వెంట వెళ్లిన ఓబుళేసు చేత, తిమ్మమ్మకు చెప్పనని అక్కడికక్కడే ఒట్టు వేయించుకున్నాడు. ఫండు తీసుకుంటే, నీళ్లో రాయో, కళ్లుండగానే బావి చూసుకోవచ్చు. పింఛనంటే, చేతికొచ్చే తన వంతు ఫండు చాలక బావి ఇక లేనట్టే, తినేది కూడా రెండు మూడేళ్లే. ఆ తర్వాత తిమ్మమ్మకు ఎవరున్నారు?

మర్నాడు పింఛనుకే వేలిముద్ర వేశాడు.

తిమ్మమ్మ మండిపడింది. "ఇన్నేండ్లు బావి బావి అని నా చెవులు తిని, ఇప్పుడు నెలనెలా చెయ్యి చాపుతావా? నీకు మతి ఉండాదా?" ఆయన తలొంచుకుని అన్నం తిన్నాడు. ఆ పూట నుంచి ఆమె కంచం పెట్టడమే గానీ మాట లేదు. దిగిపోయేనాడు పట్టాల మీద పటాసులు పేల్చి, దండ వేసి, ట్రాలీ మీద కూర్చోబెట్టి గ్యాంగంతా ఊరేగిస్తే, ఆమె వాకిట్లోకైనా రాలేదు. ఒక్క మాట చెబితే ఆ కోపం మంచులా కరిగేది. అయినా ఆయన నోరు విప్పలేదు. పట్టాలపై ఎంత బరువు మోశాడో గానీ, నాకు మాత్రం ఈ మౌనమే గొప్పగా కనిపిస్తుంది.

ఊరికి చేరాక, బావి తవ్వించలేదని బంధువులు ఆయనను ఆడిపోసుకున్నారు. ఆయన మాత్రం ప్రతి నెలా పింఛను తెచ్చి తిమ్మమ్మ చేతిలోనే పెట్టేవాడు. ఆమె ముఖం తిప్పుకుని తీసుకునేది. దిగిపోయిన మూడో ఏడు, వానలు మొహం చాటేసినప్పుడు, ఆయన మంచం పట్టాడు.

ఓబుళేసు చూడ్డానికొచ్చాడు. తానూ దిగిపోయి తెచ్చుకున్న ఫండు అప్పటికే నల్లరాయి మీద ఖర్చయిపోయింది. మంచంలో ఎముకల గూడును చూసి తట్టుకోలేకపోయాడు. "ఇంక నా వల్ల కాదు వదినా. ఈ గుండె సంగతి డాక్టరు ఆ పొద్దే చెప్పినాడు. తెలిసే పింఛను రాయించుకున్నాడు, ఈయన పోయినాక నీకొస్తాదని," అని భోరుమన్నాడు.

తిమ్మమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. భర్త చెయ్యి పట్టుకుంది.

"నాకు చెప్పింటే బావే తవ్వించుకోమందును గదయ్యా!"

"అందుకే చెప్పలేదు," అన్నాడు ఎర్రిస్వామి.