కల్లంలో చెప్పులు

సౌదీలోని తాయిఫ్ కొండల మీది పార్కులో ఆ వారం పాతకాలపు కోతల పండుగ జరిగింది. నూట యాభై ఏళ్ల కిందట గోధుమలు ఎలా కోసి నూర్చేవారో అచ్చం అలాగే చేసి చూపించాలి. ఆ పార్కులోనే నీళ్ల పైపులు బాగుచేసే మొండయ్యకు అరబ్బు రైతు వేషం వేశారు. జగిత్యాల దిక్కు రైతు కాబట్టి కొడవలి పట్టడం అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. ముఖానికి గుడ్డ చుట్టి, కాళ్లకు తోలు చెప్పులిచ్చారు.

కల్లం అంచున అతను అలవాటుగా వాటిని విడిచేశాడు.

"ఏసుకో మొండయ్యా, ఆ కాలం చెప్పులు ఫొటోలో కనపడాలంట," అన్నాడు సూపర్‌వైజర్ ఖాసిం, అనంతపురం మనిషి.

"గింజల మీద చెప్పులతోని ఎట్ల నడుస్తరు, ఖాసిం భాయ్?"

"ఇది కల్లం కాదప్పా, నాటకం. నాకు మాట రానీయొద్దు."

మొండయ్య తొడుక్కున్నాడు. అడుగు కింద గోధుమలు కరకరమన్నప్పుడల్లా మనసులోనే దండం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం, ఆ బాధ భార్య ముత్యవ్వకైనా చెప్పుకుందామని ముందు ఆ వేషంలోని తన ఫొటో పంపాడు. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"ఎవలయ్యా గాయన? చెప్పులతోని రాశి తొక్కుతుండు. ఎన్నడు ఎవుసం జేసినోడు గాదు."

మొండయ్య కాళ్ల వైపు చూసుకున్నాడు.

"ఎవలో," అన్నాడు. "ఈడి మనిషే."