బొట్టుకు బదులు బొటనవేలు

మా ఇంట్లో పెళ్లి అంటే ముందు కారు మాట్లాడుకోవాలి, కుంకుమ భరిణె పట్టుకుని చుట్టాలందరికీ బొట్టు పెట్టి పిలవాలి. ఈమధ్య మనవడి పెళ్లికి ఆ కారు వద్దన్నది నేనే. బాడుగ, పెట్రోలు, దారిలో టిఫిన్లు, ఎందుకీ దండగ? ఇంటినిండా ఫోన్లున్నాయి, వాటిలోనే పిలవమన్నాను.

దాంతో అన్నాచెల్లెళ్లకు తగువు మొదలైంది.

"ఆకుపచ్చ గుర్తు దాంట్లో పంపుదాం నానమ్మా. ఎవుల ఫోనుకి వాళ్లకే ఎల్తాది. సూసినట్టు కూడా తెలుత్తాది," అంది మనవరాలు.

"ఊరందరికీ ఒక్కొక్కటీ పంపుతూ కూకుంటావేటి? నీలం గుర్తు దాంట్లో ఒక్కపాలి ఎడితే అందరూ సూత్తారు," అన్నాడు పెళ్లికొడుకు.

"రెండింట్లో ఖర్చు దేనికి తక్కువరా?"

"రెండూ ఊరికే నానమ్మా."

"అయితే కొట్టుకోకండి. సెరి సగం."

నేను చదివింది మూడో తరగతే అయినా చుట్టాల పేర్లు నేనే చీటీ మీద రాశాను. రోలుగుంట వదినగారి పేరు నీలం సగంలో పడింది. ఆవిడ మా ఆయనకు అక్క. పెళ్లి పసుపు దంచేటప్పుడు రోకలి మొదట పట్టేది ఇంటి ఆడపడుచే. నా పెళ్లికీ, నా కొడుకు పెళ్లికీ ఆవిడే పట్టింది. శుభలేఖ బొమ్మ కింద వదినగారి అబ్బాయి బొటనవేలు గుర్తు పెట్టాడని మనవడు చూపించాడు. పిలుపు అందిపోయిందని వెంటనే చీటీలో ఆ పేరు కొట్టేశాను.

శుక్రవారం పసుపు దంచాలి. ఏ బస్సుకి వస్తుందో కనుక్కుందామని సోమవారం సాయంత్రం ఫోన్ చేశాను.

"ఏ పెళ్లే?" అని పెట్టేసింది.

మళ్లీ చేస్తే ఎత్తలేదు. బొటనవేలు పెట్టిన కొడుకు తల్లితో ఒక్క ముక్క చెప్పలేదన్నమాట.

"నాను సెప్పలేదా, ఆకుపచ్చ దాంట్లో అయితే..." అని మనవరాలు మొదలెట్టింది.

"ఆవిడికి అసలు ఆ ఫోనుందేటే?" అన్నాడు మనవడు.

మా ఆయన పేపరు మడిచాడు. "మా అక్క కన్నా కారు బాడుగ ఎక్కువైపోనాదేటే నీకు?"

కుంకుమ భరిణె తీసి తుడిచాను. మర్నాడు మంగళవారం, బొట్టుకు బయలుదేరకూడదు. ఆ పగలంతా కూర్చోలేకపోయాను. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరాను. రోకలి కడిగి ఎండలో పెట్టి, అది ఆరకముందే లోపల పెట్టి, మళ్లీ బయటికి తెచ్చాను. ఫోను మోగితే పరుగెత్తాను. అందులో ఎవరో పువ్వు బొమ్మ పెట్టి శుభోదయం అన్నారు.

బుధవారం మొదటి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు చించి ఇచ్చాడు. ఆడవాళ్లకు ఇప్పుడు బస్సు ఊరికే. అది తెలిసీ నేను కారు వద్దనడం దగ్గరే ఆగిపోయాను. ఆ టికెట్టును భరిణెలోనే దాచాను.

వదినగారు అరుగు మీద కందికాయలు వలుస్తోంది. తల ఎత్తలేదు.

"ఫోన్లోంచి దిగేవేటే, మరదలా?"

"తప్పైపోనాది వదినా. మీవోడు ఫోన్లో ఏలెడితే మీకూ తెలిసిపోనాదనుకున్నాను."

"నా కొడుకు ఏలు నొక్కితే నా నుదుట బొట్టు పడిపోద్దనుకున్నావేటి?"

భరిణె తీశాను. ఆవిడ చేతిలో కాయ వదల్లేదు, ముఖం తిప్పుకోనూ లేదు. బొట్టు పెట్టాను. కుంకుమ కాస్త ముక్కు మీద రాలింది. తుడుచుకోకుండా ఇంకో నాలుగు కాయలు వలిచింది.

"రోకలి పాతదేనా? కొత్తది కొనడానికి నీకు సెయ్యాడదు కదా."

"పాతదే. మీరు పట్టిందే."

"అయితే రేపు సాయంత్రానికే వత్తాను. రోకలి సివర ఇనప పొన్ను వదులైపోనాదేమో సూడాల."

కాఫీ తాగి తిరుగు బస్సెక్కాక గుండె కుదుటపడాలి. పడలేదు. కొంగు ముడి విప్పి చీటీ చూశాను. నీలం సగంలో బొటనవేళ్లు చూసి కొట్టేసిన పేర్లు ఇంకా పదకొండున్నాయి. ఆకుపచ్చ సగం మాత్రం ఎవరు చూశారు, ఎవరు ఎవరికి చెప్పారు?

చోడవరం రాగానే దిగిపోయాను. చీటీలోవి అక్కడ రెండిళ్లున్నాయి.