అరిగిన కడ్డీ, అత్తగారి కారు

కుట్టుమిషన్ల మెకానిక్‌కి అరిగిన వస్తువుకి అతుకు వేయడమంటే గిట్టదు. "అరిగిందంటే దాని పని అయిపోయినట్టే. పారేసి కొత్తది వేయించుకోండి" అని దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకీ మొహమాటం లేకుండా చెప్పేవాడు. చెప్పిన తర్వాత ఆ అరిగినదాన్ని తాను పారేయలేక బల్ల కింద డబ్బాలో దాచేవాడు.

అత్తగారికీ ఆయనకీ మాటల్లేవు. పెళ్లికి ముందు ఆవిడ పక్కగదిలో కూర్చుని, "సూది విరిగితే పిలిచే మనిషికా మన పిల్లనిచ్చేది?" అంది. ఆ గోడ మరీ పల్చన. తర్వాత మోకాళ్లనొప్పులతో ఆవిడ ఆ అల్లుడి ఇంటికే చేరాల్సి వచ్చింది. ఏ మాటైనా కూతురి మీదుగానే నడిచేది.

"మీ అమ్మని ఫ్యాన్ ఆపమను."

"మీ ఆయన్ని ఆ చెప్పులు బయట విడవమను."

ముగ్గురూ ఒకే గదిలో ఉన్నప్పుడు కూడా ఇదే వరస.

డాక్టరు రోజూ నడవమన్నాడు. అత్తగారు నడవకుండా బతికే ఉపాయం వెతుక్కుంది. మనవడు హాస్టల్‌కి వెళ్తూ వదిలేసిన రిమోట్ కారు పైడొప్ప పీకించి, దాని మీద ప్లాస్టిక్ డబ్బా కట్టించింది. వరండాలో కుర్చీ వేసుకుని, ఎదురు వాటా టీచరమ్మకి అందులో కాఫీ ఫ్లాస్కు పంపేది. బదులుగా అటునుంచి వారపత్రిక వచ్చేది.

కూతురు ఆఫీసు ట్రైనింగ్‌కని ఊరెళ్లిన వారంలోనే, బరువుకి కారు వెనక ఇరుసు వంగిపోయింది. ఫ్లాస్కు దొర్లి కాఫీ వరండా అంతా పారింది. సరిగ్గా అప్పుడే అల్లుడు గుమ్మం ఎక్కాడు. మాట అందించే మనిషి లేదు.

అత్తగారు గోడ గడియారం వైపు తిరిగింది. "మెకానిక్ ఉన్న ఇంట్లో బొమ్మకారుకి దిక్కు లేకపోయింది."

అల్లుడు తాను విడిచిన చెప్పులకేసి చూస్తూ అన్నాడు. "బొమ్మకారు ఫ్లాస్కులు మొయ్యడానికి పుట్టలేదు."

"పుట్టినదాన్ని పుట్టినట్టే ఉంచడానికైతే మెకానిక్కెందుకూ?" అంది ఆవిడ గడియారంతో.

ఆ మాట బాగానే గుచ్చుకుంది. మర్నాడు బొమ్మల దుకాణానికి వెళ్లి ఇరుసు అడిగాడు.

"విడిగా రాదండీ. దాని పని అయిపోయింది, పారేసి కొత్త కారు తీసుకోండి" అన్నాడు దుకాణదారు.

తన మాట ఇంకొకరి నోట వింటే ఇంత ఒళ్లు మండుతుందని ఆయనకి అంతవరకూ తెలియదు. తిన్నగా వచ్చి బల్ల కింద డబ్బా గుమ్మరించాడు. మిషన్లో సూదిని పట్టుకుని పైకీ కిందికీ ఆడే ఉక్కు కడ్డీ ఒకటి కనిపించింది. ఒక పక్క అరిగింది కానీ ఉక్కు ఉక్కే. కారు ఇరుసు కంటే లావు కూడా. దాన్ని కొలతకి కోసి, చివర్లు సానరాయి మీద పట్టి సన్నం చేశాడు. కారు అడుగున కన్నాలు వెడల్పు చేసి, కడ్డీ తిరగడానికి గొట్టం ముక్కల్లాంటి అరిగిన ఇత్తడి బుష్షులు కూర్చాడు. మొదటిసారి బిగుసుకుపోయి చక్రాలు కదల్లేదు. బుష్షులు మళ్లీ అరగదీశాడు. తిరిగాయి.

కారు తెచ్చి అత్తగారి కాళ్ల దగ్గర పెట్టాడు. ఆవిడ ఫ్లాస్కు పెట్టి చూసింది, పక్కన పచ్చడి సీసా కూడా పెట్టింది. కారు తొణక్కుండా వెళ్లింది.

"లాగుతోందే!" అంది ఆవిడ, ఈసారి అల్లుడి మొహం చూసే.

ఇరుసు గట్టిపడ్డాక ఆవిడకి ఎదురు వాటా చాలలేదు. కారుని కూరల దుకాణం దాకా పంపాలనుకుంది. కానీ గేటు దాటితే రిమోట్ అందదు. దాంతో సాయంత్రాలు ఆవిడే కారు వెనక వీధిలో నడవడం మొదలుపెట్టింది. డాక్టరు తన మాట పనిచేసిందనుకున్నాడు.

కూతురు తిరిగొచ్చేసరికి వరండాలో ఒకటే గొడవ.

"చక్రాలు పెద్దవి వెయ్యమంటే వినరేం అల్లుడుగారూ!"

"మోటారు కాలిపోతుంది అత్తయ్యగారూ, ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

ఆమె చేతి సంచి దించి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఎవరూ ఆమెని ఏ మాటా అందించమనలేదు. ఆమె లోపలికి వెళ్లి, ఫ్యాన్ వేసుకుని, తలుపు దగ్గరగా వేసింది.