ఇంజనీరు గారి చిచి

మొన్న శుక్రవారం జగిత్యాల నుంచి మా మేనకోడలు వీడియో కాల్ చేసింది. నర్సింగు పూర్తిచేసి, జపానులో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగానికి వెళ్లాలని ఆ భాష నేర్చుకుంటోంది. చుట్టరికాల పాఠం దగ్గర బండి ఆగిందట. "మామా, గా భాషల అమ్మకు రెండు మాటలు, నాయినకు రెండు మాటలు. మన అమ్మనైతె హహ అనాలె, ఎదుటోళ్ల అమ్మనైతె ఒకాసాన్ అనాలె. గిట్లెందుకో సమజైతలేదు" అని విసుక్కుంది. నాయిన సంగతి నేను చెబుతాను, రాసుకో అన్నాను. జెద్దాలో ఇన్నేళ్లుగా బండి తోలుకునే మామకు జపాను భాష ఎక్కడిదని నోరు తెరిచింది. నాకు వచ్చినవి రెండే మాటలు. అవి వచ్చిన తీరు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒకసారి గుండె దడదడలాడి, తర్వాత నెమ్మదిస్తుంది.

అప్పట్లో నేనొక జపాను ఇంజనీరు గారికి డ్రైవరును. మనిషి మితభాషి. మా ఇద్దరి మధ్యా నడిచేది వచ్చీరాని ఇంగ్లీషే. కానీ సముద్రం పక్క రోడ్డు ఎక్కితే చాలు, ఆయనకు తండ్రి గుర్తొచ్చేవాడు. చిచికి చేపలు పట్టడం ఇష్టం, చిచి ఇంట్లో ఒక్కడే ఉంటాడు, చిచికి చెవి కొంచెం మందం. మొదట్లో, కన్నతండ్రిని పట్టుకుని ఛీఛీ అంటాడేమిటని లోలోపల నొచ్చుకున్నాను. అది నాన్న అనే మాటేనని తెలిశాక మనసు కుదుటపడింది. మా ఊళ్లో బాపు అంటాం, వాళ్లూళ్లో చిచి అంటారు, అంతే కదా అనుకున్నాను.

ఆ పెద్దాయన కొడుకును చూడటానికి వస్తున్న రోజునే ఇంజనీరు గారు ఎక్కడో ఉత్తరాన ఉన్న హఫర్ అల్ బాతిన్ ఊళ్లో పని మీద చిక్కుకుపోయారు. ఇంట్లో పాపకు జ్వరం, అమ్మగారు కదల్లేని పరిస్థితి. నువ్వే తీసుకురా అని ఫోనులో ఒక ఫొటో పంపారు. నేను అట్టముక్క మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో చిచి అని రాసుకుని విమానాశ్రయంలో నిలబడ్డాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. జపాను ముఖాలు కొన్ని వచ్చాయి, అట్టను చూసి ఒకరిద్దరు నవ్వుకున్నారు, వెళ్లిపోయారు. అదే సమయానికి ఇండోనేషియా నుంచి ఉమ్రాకని మక్కా వెళ్లే యాత్రికుల విమానం దిగింది. హాలంతా ముసలివాళ్లే. ఫొటోలోని ముఖం ప్రతివాడిలోనూ కనిపించడం మొదలైంది. ముప్పావుగంట గడిచింది. సిగ్గు విడిచి "చిచీ, చిచీ" అని అరుస్తూ తిరిగాను. ఇంజనీరు గారి ఫోను కలవలేదు. చెవి వినిపించని, భాష రాని మనిషిని పోగొట్టి ఆయన ముఖం ఎలా చూడాలి? నా చొక్కా తడిసిపోయింది.

అక్కడ ట్రాలీలు తోసే కడప భాయ్ ఒకడు నాకు పరిచయం. నా అవస్థ చూసి దగ్గరికొచ్చాడు. "అన్నా, ఆ మక్కా బస్సులో ఒక ముసిలాయన కూసోనుండాడు. టోపీ తీసి అందరికీ వంగి వంగి దండాలు పెడతాండాడు. నాకైతే హాజీ మాదిరి అగపడలా. బస్సు కదిలేటట్టుంది, పో" అన్నాడు.

నేను బస్సు వైపు పరుగు తీశాను. బస్సు మక్కా పొలిమేర దాటితే వెనకాలే వెళ్లడానికి నాకు దారి లేదు, ఇంజనీరు గారికీ లేదు. అది ముస్లిములు మాత్రమే అడుగుపెట్టే ఊరు. పరుగెడుతూనే అమ్మగారికి ఫోను చేశాను. చిచి అని ఎంత అరిచినా పలకడం లేదని చెప్పాను. ఆమె తిట్టలేదు. నిదానంగా చెప్పారు: "చిచి అంటే మా నాన్న అని బయటివాళ్లకు చెప్పుకునే మాట. మనిషిని అలా పిలవరు. ఒతోసాన్ అనండి."

బస్సు తలుపు దగ్గర యాత్రికుల పెద్ద అడ్డం నిలబడ్డాడు. తలలు లెక్కపెట్టాను, అంతా సరిపోయింది, ఇందులో ఉన్నవాళ్లంతా నా వాళ్లే అన్నాడు. నేను అతని భుజం మీదుగా, గొంతు చించుకుని "ఒతోసాన్" అన్నాను. చివరి వరుసలో ఒక తెల్లటోపీ లేచింది. ఆయన నింపాదిగా సంచి భుజాన వేసుకుని, పక్కవాళ్లు చేతిలో పెట్టిన ఖర్జూరాలు జేబులో వేసుకుని, సీటు సీటుకీ వంగి దండం పెడుతూ దిగివచ్చాడు. తప్పిపోయానన్న సంగతే ఆయనకు తెలియదు. కొడుకు పంపిన బస్సే అనుకున్నాడట. లెక్కలో ఒకటి తగ్గిందని పెద్దకు అప్పుడర్థమైంది. వాళ్ల ముసలాయన ఒకడు ఇంకా మరుగుదొడ్డి దగ్గరే ఉన్నాడు. ఆ పెద్ద కూడా అటు పరుగెత్తాడు. నేను ఆ మండే పేవ్‌మెంటు మీదే కూలబడి, కడప భాయ్ ఇచ్చిన నీళ్లు గటగటా తాగాను. జపాను పెద్దాయన నా పక్కన చతికిలబడి, నాకు ఒంట్లో బాగాలేదనుకుని తన టోపీతో విసరసాగాడు. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

మర్నాడు ఇంజనీరు గారు వచ్చి, గుమ్మంలోనే "ఒతోసాన్" అని తల వంచారు. అంతవరకు బండిలో నాతో చిచి చిచి అన్న మనిషే. మనం బయటివాళ్లతో సొంత తండ్రిని ఊరికే మా నాన్న అని, ఎదుటివాళ్ల తండ్రిని మీ నాన్నగారు అని అనడం లాంటిదే ఇదీ, కాకపోతే ముఖాముఖి పిలిచేటప్పుడు సొంత తండ్రికైనా ఆ మర్యాద మాటే వాడతారని అప్పుడు తట్టింది. పెద్దాయన రెండు నెలలున్నాడు. వారానికోసారి ముగ్గురం సముద్రం ఒడ్డుకు వెళ్లేవాళ్లం. గాలానికి ఒక్క చేపా పడలేదు, ఆయనకు ఆ దిగులూ లేదు. ఆ రెండు నెలలు ఎటు పోయాయో తెలియదు గానీ, ఆ ముప్పావుగంట మాత్రం నా వయసులోంచి ఇంకా పూర్తిగా గడిచిపోలేదు.