హన్మమ్మ అడగని బావి

తాండూరు స్టేషన్ రోడ్డులో నా కుట్టుమిషను పక్కనే మొగులప్ప మైకు దుకాణం. పెళ్లికైనా, జాతరకైనా, ఓట్ల సభకైనా అప్పట్లో అతని సెట్టే దిక్కు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేం చెప్పినా "సరే పటేలా" అనేవాడు. చాలా మంచివాడని ఊరంతా అనేది, నేనూ అనేవాణ్ని. నోరు లేకపోతే చాలు, మంచివాడనేస్తాం మేము.

పంతొమ్మిది వందల యాభై ఏడులో ఓట్లప్పుడు నాపరాళ్ల వ్యాపారులకు ఒక కొత్త ఆలోచన వచ్చింది. నిలబడ్డ ఇద్దరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టాలి, జనం అడగాలి, వాళ్లు జవాబు చెప్పాలి. ఒకాయన వకీలు, రెండో ఆయన దొర. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. అలాంటిది సభ రోజు పొద్దున ఇద్దరి మనుషులూ కలిసి మొగులప్ప దుకాణానికి వచ్చారు.

"కులం మాట, దేవుని మాట ఎవరన్న ఎత్తితే మైకు డబ్బ బందు పెట్టు. ఓట్ల టైంల గవన్ని మనకెందుకు?" అన్నారు.

"సరే పటేలా" అన్నాడు మొగులప్ప.

సభకు ముందు వరుసల్లో పెద్దలు, వ్యాపారులు, మాబోటివాళ్లం. వెనక ఎడంగా ఊరవతలి వాడల జనం. కొందరు రోడ్లు అడిగారు, కొందరు కరెంటు అడిగారు. నేతలిద్దరూ పోటీపడి వరాలిచ్చారు. అప్పుడు యాలాల్ దిక్కు పల్లె నుంచి వచ్చిన హన్మమ్మ మైకు దగ్గరికి నడిచింది. కూలి చేసుకునే మనిషి, మొగుడు లేడు.

"అయ్యా, మా వాడల ఒక కష్టమున్నది. దేవుని పేరు మీద..."

అక్కడికి మొగులప్ప బ్యాటరీ వైరు పీకేశాడు.

ఆమెకు అది తెలియలేదు, మాట్లాడుతూనే ఉంది. వెనక జనం "వినొస్తలేదు" అని అరుస్తున్నారు. మూడో వరుసలో ఉన్న నాకు మాత్రం ప్రతి మాటా వినిపించింది. "నా బిడ్డకు పదేండ్లు. వచ్చే జాతరకు జోగిని చేస్తమని పెద్దలు ముచ్చట ఖాయం చేసిన్రు. మీ ఇద్దట్ల ఒక్కరు వద్దని చెప్పున్రి, మా పటేలు ఆగుతడు. చెప్పినోళ్లకే మా వాడంత ఓటేస్తం."

జోగిని అంటే పేరుకు దేవుని భార్య. ఇక ఆ పిల్లకు పెళ్లి ఉండదు, ఇల్లు ఉండదు, పెత్తనమంతా ఊరి పెద్దలది. ఆ పెద్దలే ముందు వరుసలో కూర్చున్నారు. వకీలు వాళ్లను చూశాడు, దొర తన చెప్పులను చూసుకున్నాడు. వకీలు కనుసైగ చేయగానే మొగులప్ప వైరు తగిలించి "బ్యాటరీ దిగింది" అన్నాడు.

వకీలు మైకు అందుకున్నాడు. "ఈ తల్లి వాళ్ల వాడకు మంచినీళ్ల బావి అడిగింది. నేను తవ్విస్తాను!"

"నేను రెండు తవ్విస్త" అన్నాడు దొర.

చప్పట్లు మోగాయి. వాడ జనమైతే లేచి నిలబడి మరీ కొట్టారు. హన్మమ్మ "గది కాదయ్యా, గది కాదు" అంటూనే ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, చప్పట్లు నేనూ కొట్టాను.

వకీలు గెలిచాడు. అడగని దానికి మాట నిలబెట్టుకున్నాడు, ఎండాకాలంలోనే బావి తవ్వించాడు. హన్మమ్మ బావి అని దానికి పేరు పడింది. ఆమె మాత్రం కుండ పట్టుకుని వాగుకే పోయేది. జాతర వచ్చింది, హన్మమ్మ బిడ్డ అనంతమ్మను జోగిని చేశారు. "అంతమందిల బాయి అడిగినవ్, నా గురించి అడగలే" అని ఆ పిల్ల తల్లితో మాట మానేసి గుడి దగ్గరే ఉండిపోయిందట. జరిగింది తల్లి చెప్పింది. వాడంతా మైకులో విన్నాక ఆమె మాట ఎవరు నమ్ముతారు? మరుసటేడు జ్వరమొచ్చి హన్మమ్మ చనిపోయింది.

మొగులప్ప చిక్కిపోయాడు. పని మధ్యలో నా దగ్గరికొచ్చి కూర్చునేవాడు. "కండ్లు మూస్తే ఆమె నోరు ఆడుతనే కనవడ్తది. సప్పుడు రాదు" అనేవాడు. మర్చిపొమ్మనేవాణ్ని. ఆ సలహా నాకే పనిచేయలేదు.

అరవై రెండులో మళ్లీ ఓట్లు. వకీలు ఊరేగింపు ముందు డప్పులు, డప్పుల ముందు ఆడటానికి జోగినిలు. వెనక బండి మీద మొగులప్ప మైకు, "బావి తవ్వించిన నాయకునికే మన ఓటు" అని. చినిగిన బ్యానరు కుట్టడానికి నేనూ ఆ బండి పక్కన ఉన్నాను. ఊరేగింపు ఆగినప్పుడు గజ్జెలు కట్టుకున్న ఓ పదిహేనేళ్ల పిల్ల బండి దగ్గరికి వచ్చింది. తల్లి పోలిక. అనంతమ్మ అని తెలిసిపోయింది.

"మామా, గా సభల మైకు నీదేనట గదా. మా అవ్వ నిజంగ బాయే అడిగిందా?"

"సరే పటేలా" తప్ప ఇంకో మాట రాని మొగులప్ప, ఆ రోజు చెప్పాడు.

"నిన్నే అడిగింది బిడ్డా. నిన్ను జోగిని చెయ్యొద్దని అడిగింది. వైరు నేను పీకిన."

తిడుతుందనుకున్నాను. కొడితే కొట్టనీ అన్నట్టు మొగులప్ప బండి దిగి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె వంగి జారిన గజ్జె బిగించుకుంది.

"అవ్వ పానం పోయేటప్పుడు నా కోసం మనిషిని పంపింది మామా. నేను పోలే."

ముందు నుంచి ఎవరో ఆమెను కేకేశారు. వెళ్లి డప్పుల ముందు నిలబడింది.