తువ్వాలు కింద చెయ్యి

మా ముత్తాత బైరకూరు పటేలు. మా తాత కూడా పటేలే. ఊరి జాతరలో తొలి తాంబూలం ఆయనకే ఇచ్చేవారు. వాళ్ల పాత ఇంటి టేకు ద్వారబంధాన్ని అమ్ముతామని నేను తాలూకా ఫేస్‌బుక్ గ్రూపులో ఫొటో పెడితే, ముక్కూ మొహం తెలియనివాళ్లు మా తాతను కూడా కలిపి బూతులు తిట్టారు. ఫొటో తీసేశాను.

కొన్నాళ్లకు రాబర్ట్‌సన్‌పేట బస్సులో ఒక ఎద్దుల బేరగాడు నా పక్కన కూర్చున్నాడు. ఎక్కగానే ఎవరో ముసలమ్మ మూటను అడగకుండానే పైకెత్తి పెట్టిన మనిషి, తర్వాత ఫోనులో అదే గ్రూపు తెరిచి ఎవరినో తిడుతూ కామెంటు రాసి నవ్వుకుంటున్నాడు. నాకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది.

“ఆయన నీకేం చేసినాడప్పా?” అని అడిగాను.

“ఏమీ చేయలేదు సామీ. ఆయప్ప యాడోడో కూడా తెలీదు.”

“మరి ఎందుకు తిట్టేది?”

అతను భుజం మీది తువ్వాలు నా చేతి మీద కప్పి, దాని కింద నా వేలు గట్టిగా గిల్లాడు. సంతలో ఎద్దుల ధరను పక్కవాళ్లకు తెలియకుండా ఇలాగే వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు.

“బేరం కుదరకుంటే ఊరి పెద్ద గౌడునైనా ఇట్ల గిల్లేస్తాము సామీ. పైన నవ్వుతానే ఉంటాము. ఫోన్లో ఇంగ మొగమే లేదు కదా.”

“తువ్వాలు తీసి గిల్లు, చూస్తాను.”

తువ్వాలు తీశాడు. నా ముఖంలోకి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“చెయ్యి రాదు సామీ,” అన్నాడు.

ఆ వారమే ఫొటో మళ్లీ పెట్టాను. ఈసారి ద్వారబంధం పక్కన నేనూ నిలబడ్డాను. తిట్టినవాళ్లు తిట్టారు. నేను తీయలేదు. గౌనిపల్లి రైతు ఒకాయన ద్వారబంధాన్ని తలుపులతో సహా కొనుక్కుని ట్రాక్టరులో తీసుకుపోయాడు.